ఆషాఢంలో కూడా ఈఎంఐ కట్టాలి కదండీ

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరండి. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ఇంట్లోనే అయ్యప్ప పాటలు, చర్చి పాటలు రికార్డింగ్ చేసిద్దామని ఉంది, నెలకి రెండు పాటలు ఇస్తామంటున్నారు, పాటకి 2,500. మైకు, దాన్ని కంప్యూటర్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. చేతిలో 72 వేలు ఉన్నాయి. షాపతను 1,15,000 గేమింగ్ లాప్‌టాప్ ఏడాది నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోమంటున్నాడు. 46 వేలది కూడా ఉంది, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఇంకో 8 జీబీ వేయించడానికి 5 వేలట. ఎక్స్‌టర్నల్ 1 టీబీ ఎస్‌ఎస్‌డీ అయితే 10 వేలు, మామూలు హార్డ్ డిస్క్ అయితే 5,500. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి పెద్దదే తీసుకోనా?

జవాబు: గాజుల సంగతి ముందు చెప్పేస్తానండి, పెట్టొద్దు. ఆ గాజులు ఎవరికైనా ఒంట్లో బాగోక హాస్పిటల్‌కి పరిగెత్తాల్సొస్తే పనికొచ్చేవి, లాప్‌టాప్ కోసం వాటిని కదపకండి. ఊళ్ళో నూటికి రెండు చొప్పున ఎవరైనా ఇస్తామన్నా వద్దు, 43 వేలు తక్కువైతే నెలకి 860 వడ్డీకే పోతుంది, అసలు అసలులాగే ఉంటుంది.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేదని కాదండి దానర్థం, బ్యాంకువాళ్ళు వడ్డీ వేస్తారు, అంత డబ్బు ధరలో ముందే తగ్గించినట్టు చూపిస్తారు. సున్నా వడ్డీ అనే మాటే లేదని ఆర్‌బీఐ 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది. 15 శాతం వడ్డీ అనుకుని లెక్క కట్టాను, మీ 1,15,000లో వడ్డీ దాదాపు 8,800 అవుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 1,600 మన జేబులోంచే, ప్రాసెసింగ్ ఫీజు వేరే. అన్నిటికంటే నాకు భయమేసింది వాయిదా చూసి, నెలకి 9,583. రికార్డింగ్ మీద మీకొచ్చేది 5 వేలు. మిగతాది పెళ్ళి ప్రోగ్రాముల్లోంచి కట్టాలి, మరి ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, మూఢంలో ఉండవు, పుష్యంలో ఉండవు, సంక్రాంతికి తీర్థాల్లో నాలుగు ప్రోగ్రాములు దొరికినా ఆ మిగతా నెలలు మీరు ఎలా లాక్కొస్తారో మీకే తెలుసు. ఈఎంఐకి మూఢం లేదు కదండీ, ప్రతి నెలా అదే తారీఖుకి పట్టుకుపోతుంది.

పోనీ ఆ ఎక్కువ డబ్బుకి మీ పనికి ఏమైనా కలిసొస్తుందా అంటే పెద్దగా ఏమీ లేదు. గేమింగ్ లాప్‌టాప్ ధరలో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుది, పాటల మిక్సింగ్‌కి దానితో దాదాపు పనే లేదు, ప్రాసెసర్, ర్యామ్, లోపలి ఎస్‌ఎస్‌డీ (అంటే ఫైళ్ళు దాచే వేగమైన డిస్క్) ఈ మూడే ఆ పని మోస్తాయి. పైగా లోడ్ పడితే దాని ఫ్యాన్లు గుయ్యిమంటాయి, గది ఫ్యాన్ ఆపేసి చెమటలు కక్కుతూ పాడించుకుంటుంటే మైకులోకి లాప్‌టాప్ ఫ్యాన్ సౌండ్ వచ్చిందనుకోండి ఎంత బాధ. 46 వేలదే తీసుకుని ర్యామ్ 16 చేయించండి, మొత్తం 51 వేలు. సెకండ్ హ్యాండ్ చూద్దామనిపిస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఒకటీ అరా తప్ప 8వ జనరేషన్ కంటే పాతవాటికి విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు, చవగ్గా వస్తుందని అలాంటివి మోసుకురాకండి.

హార్డ్ డిస్క్ దగ్గర నా మాట కాస్త గట్టిగానే వినండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ క్వాలిటీలో ఒక మోనో ట్రాక్, అంటే ఒక్క గొంతో ఒక్క వాయిద్యమో, నిమిషానికి 8.6 ఎంబీ పడుతుంది. ఐదు నిమిషాల పాట, 20 ట్రాకులు, 860 ఎంబీ. టేకులన్నీ ఉంచుకుని మూడింతలు వేసుకున్నా పాటకి 2.6 జీబీ. 1 టీబీ అని కొన్నది కంప్యూటర్‌లో 931 జీబీ అని చూపిస్తుంది, కంగారు పడకండి, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. అందులో 350 పాటలు పడతాయి, నెలకి రెండు చొప్పున 14 ఏళ్ళ పని. కాబట్టి 2 టీబీ అక్కర్లేదు. రికార్డింగ్ ఎప్పుడూ లోపలి ఎస్‌ఎస్‌డీ మీదే చేయండి, బయటిది కాపీ దాచుకోవడానికే, కాపీకి స్పీడెందుకు, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోతుంది. అందుకని 10 వేలు పెట్టి ఒక్క ఎస్‌ఎస్‌డీ బదులు 5,500 మామూలు హార్డ్ డిస్కులు రెండు కొనండి. అవును, రెండు.

ఎందుకంటే మా మేనమామ తత్వాలు పాడేవారు. మంచం మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ. ఆయన పోయే ముందు ఏడాది నలభై దాకా రికార్డ్ చేసి ఒక్క హార్డ్ డిస్క్‌లో పెట్టాను. చార్జర్ వైరుకి మా చిన్నదాని కాలు తగిలి, డిస్క్ తిరుగుతూ ఉండగానే టేబుల్ మీంచి గచ్చు మీద పడింది. మళ్ళీ పెడితే టిక్, టిక్, టిక్ అని ఒకటే శబ్దం. రికవరీ షాపుకి పట్టుకెళ్తే 22 వేలు అడిగారు, అదీ వస్తుందని గ్యారంటీ లేకుండా. డబ్బు ఇచ్చాను. రాలేదు. ఆయన గొంతు ఇప్పుడు మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదండి. ఆ రోజు ఇంకో హార్డ్ డిస్క్ కొని ఉంటే అయిపోయేది, ఇప్పటికీ ఆ మాట అనుకోని సంక్రాంతి లేదు నాకు.

రెండోది మీ ఇంట్లో ఉంచకండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటి మీ వైపు లంకలన్నీ మునగడం మీరు చూసే ఉంటారు, రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉంటే రెండూ ఒకేసారి తడుస్తాయి. గట్టుకి ఇవతల చుట్టాలింట్లో పెట్టి నెలకోసారి మార్చుకుంటూ ఉండండి. ఇంకోటి, రికార్డింగ్ చేసేటప్పుడు చార్జర్ పీకేసి బ్యాటరీ మీద చేసి చూడండి, ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్ళల్లో వచ్చే ఆ జుయ్యి శబ్దం చాలాసార్లు అలాగే పోతుంది.

మొత్తం 62 వేలయింది, మిగిలిన 10 వేలు అకౌంట్‌లో అలా ఉండనివ్వండి, అది ఆషాఢానికి. షాపతను జీఎస్టీ తిరిగొస్తుందని ఏమైనా అంటే, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకే అది, సర్వీసులకి ఏడాదికి 20 లక్షలు దాటితేగానీ మామూలుగా అక్కర్లేదు, దానికోసం మీరు తీసుకోకండి. ఆదివారం షాపుకి వెళ్ళినప్పుడు ఆ 46 వేల మోడల్‌కి రెండో ర్యామ్ స్లాట్ నిజంగా ఉందా, ఉన్న ర్యామ్‌ని బోర్డుకే అంటించేశారా, వెనక మూత తీస్తే వారంటీ ఉంటుందా, ఈ మూడూ డబ్బు ఇవ్వకముందే బిల్లు మీద రాయించుకోండి.