ఇంగ్లీష్ టీచరుగా చేరబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

డీఎస్సీలో నీకు ఇంగ్లీష్ పోస్టు వచ్చిందని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ఆ తర్వాత నాకు నిద్ర పడితే ఒట్టు. మన ఇంట్లో నా తర్వాత చాక్‌పీస్ పట్టుకునేది నువ్వేనని ఒకపక్క గర్వం, పిల్లల పేపర్లు నీ చేతికొస్తే ఎలా దిద్దుతావోనని ఒకపక్క టెన్షన్.

లెసన్ ప్లాన్ ముందురోజే రాసుకో. గొంతు జాగ్రత్త. మిగతావి నీకు తెలుసు.

నా బెంగంతా క్యాపిటల్ లెటర్స్ గురించే. మన తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే తేడానే లేదు, గోదావరికైనా గోంగూరకైనా అదే 'గో', అందుకే మన పిల్లలకి అది చూడగానే తట్టదు. దేశాలు, ఆ దేశాల మనుషులు, వాళ్ల భాషలు వాక్యంలో ఎక్కడొచ్చినా పెద్ద అక్షరమే. వారాలు, నెలలు కూడా అంతే, సమ్మర్, వింటర్ మాత్రం చిన్నవి. ఇంగ్లీష్‌కి పెద్ద 'ఈ' పెట్టి మ్యాథ్స్‌కి చిన్న 'ఎమ్' ఎందుకని అడుగుతారు, విసుక్కోకు, ఒకటి భాష పేరని చెప్పు. చైనా అంటే దేశం, అదే చిన్న 'సీ'తో రాస్తే పింగాణీ. ఇలాంటివి చెబితే పిల్లలు మర్చిపోరు.

ఇక అసలు సంగతి. చేరిన కొత్తలో తొమ్మిదో తరగతికి మేరీ క్యూరీ మీద స్లిప్ టెస్ట్ పెట్టాను. ఒక పిల్లాడు ఆవిడ పోలిష్ సైంటిస్ట్ అని రాశాడు, 'పీ' పెద్దది. నాకప్పుడు ఆ స్పెల్లింగ్‌తో తెలిసింది బూట్లకి వేసే పాలిష్ ఒక్కటే. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి అర మార్కు కోసేశాను. "దేశం పేరు కదండీ టీచర్" అని లేచి నిలబడ్డాడు. ఎదురు చెప్తావా అని కూర్చోబెట్టాను.

తర్వాతి టెస్టులో వాడి పేపరంతా చిన్న అక్షరాలే. ఇండియాకి చిన్న 'ఐ'. పైన రాసుకున్న సొంత పేరుకి కూడా చిన్నదే. అది చూశాక కడుపులో దేవినట్టయి డిక్షనరీ తీశాను. ఒకే స్పెల్లింగ్, రెండు మాటలు, పెద్ద 'పీ' అయితే పోలండ్ మనిషి. ఆవిడ 1898లో కనిపెట్టిన మూలకానికి పొలోనియం అని పేరు పెట్టింది, అప్పటికి పోలండ్ అనే దేశం మ్యాపులోనే లేదు, మూడు రాజ్యాలు పంచేసుకున్నాయి. అంత ప్రేమగా దాచుకున్న పేరుని నేను బూట్ల పాలిష్ చేశాను తల్లీ. (ఆ పొలోనియంకి మాత్రం వాక్యం మధ్యలో చిన్న 'పీ'నే, మూలకాలన్నిటికీ అంతే, గుర్తుంచుకో.)

క్లాసందరి ముందూ తప్పు నాదేనని చెప్పి అర మార్కు కలిపాను. కానీ వాడు ఆ ఏడాది చివరిదాకా మళ్లీ చెయ్యెత్తలేదు.

నీకు కోపం ముక్కుమీదే ఉంటుంది, అదే నా భయం. పెన్ను ఎత్తేముందు ఎందుకిలా రాశావు నాన్నా అని అడుగు, ఆ ఒక్క ముక్క చాలు. అడిగితే నీ పరువేం పోదు. తిట్టాననుకోకు, నీ చేతిరాత చూసి మురిసిపోయిన మొదటి మనిషిని నేనే కదా.

నా పాత డిక్షనరీ మీ నాన్నతో పంపిస్తున్నాను. అట్ట ఊడింది, బైండింగ్ చేయించుకో. 'పీ' దగ్గర ఒక పేజీ మడిచి ఉంటుంది, దాన్ని అలాగే ఉండనీ.

మీ అత్త