అమెరికాలోని అలబామాలో ఫ్రెండ్ వాళ్లమ్మ వడ్డిస్తే ఏమీ తినలేకపోయారా?

చిక్కు ఆకుకూరలోనే వచ్చింది. మీరు శాకాహారి అన్నారు, ఆవిడ మాంసం ముక్కలు పెట్టలేదు. కానీ అక్కడి పాతకాలపు వంటలో కాలర్డ్ గ్రీన్స్‌ని పొగబెట్టిన పంది కాలి ఎముకతో ఉడికిస్తారు. మనకు పోపు ఎలాగో వాళ్లకు అది అలాగ, మాంసం కింద లెక్కే కాదు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆగమన్నారు కాబట్టి:

1. ముందురోజే ఫ్రెండ్‌కి ఫోన్ చేయండి. "వెజ్" అని ఊరుకోకండి, అందరూ తప్పేది ఇక్కడే. ఏ కొవ్వు, ఏ మాంసం ఉడికించిన నీళ్లు వాడతారో పేరుపేరునా అడగండి: గ్రీన్ బీన్స్‌లో బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం), కార్న్‌బ్రెడ్ (మొక్కజొన్న పిండి రొట్టె) పెనానికి బేకన్ కొవ్వు, బిస్కెట్లలో (మన బిస్కెట్లు కావు, మెత్తటి బన్నుల్లాంటివి) పంది కొవ్వు ఉండొచ్చు.

2. గ్రిట్స్ నీళ్లతోనో పాలతోనో చేయమనండి. మొక్కజొన్న రవ్వ జావే, ఆవకాయ నంజుకుంటే అద్భుతం! బెండకాయ వేపుడైతే నూనె సంగతి కనుక్కోండి.

3. మీరూ కాస్త పులిహోర పట్టుకెళ్లండి.

4. ఇంటికొచ్చాక చేత్తో రాసిన థాంక్యూ కార్డు పోస్టులో పంపండి. పోయినసారి వదిలేసిన కంచం గురించి అందులో ఒక్క ముక్క రాస్తే చాలు.