మౌనంగా కోడ్ రాస్తే అవతలివాళ్లకేం తెలుస్తుంది?

ప్రశ్న: ఒక పెద్ద కంపెనీ ఇంటర్వ్యూలో పది లక్షల సంఖ్యల్లో ఒకదాన్ని వెతికే కోడ్ రాయమన్నారు. టెన్షన్‌లో పావుగంట నోరు పెగల్లేదు. చివరికి కోడ్ సరిగ్గానే వచ్చింది, అయినా తీసుకోలేదు. ఎందుకంటారు?
- ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, ఆ పావుగంట మౌనమే నీకు చేటు చేసి ఉంటుందని నా నమ్మకం. వాళ్లకు జవాబు ఒక్కటే కాదు, నువ్వు దాని దాకా ఎలా వెళ్లావో కూడా కావాలి. "సంఖ్యలు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసగా ఉన్నాయా?" అని ముందే అడగాలి; ఉంటే మధ్యలో ఉన్న సంఖ్యతో పోల్చి చూసి ప్రతిసారీ సగం వదిలేసుకుంటూ పోతే మహా అయితే 20 అడుగుల్లో తేలిపోతుంది, లేకపోతే ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాల్సిందే, ఈ మాటే పైకి అనాలి. అమెజాన్ లాంటి చోట కోడ్‌తో పాటు వాళ్ల 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ (ఉద్యోగులు ఎలా పనిచేయాలో ఆ కంపెనీ రాసుకున్న సూత్రాలు) పట్టుకుని నువ్వు చేసిన పనుల గురించీ గుచ్చి గుచ్చి అడుగుతారు. అక్కడ "మేం చేశాం" అంటే చాలదు, అందులో నీ వంతేమిటో చెప్పాలి. సాయంత్రం ఆర్కే బీచ్ గట్టు మీద ఒక స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకో, కాగితం మీద కోడ్ రాస్తూ ఏ లైను ఎందుకు రాస్తున్నావో, తెలుగులోనైనా సరే, పైకి చెప్పు. నోరు తిరిగాక ఇంగ్లీషులో చెప్పుకోవచ్చు.