దేవునికి భయపడడం, దేవుణ్ణి చూసి దాక్కోవడం

ప్రశ్న: మా వారి ఉద్యోగం పోవడంతో మూడు నెలలుగా దశమభాగం (సంపాదనలో పదో వంతు దేవునికని సంఘానికి ఇచ్చేది) ఇవ్వలేకపోయాము. ఇంతలో మా అబ్బాయికి డెంగ్యూ వచ్చి, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి, ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చింది. ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక పెద్దావిడ, “దేవుని సొమ్ము ఆపితే ఆయన ఇంకో దారిలో వసూలు చేసుకుంటాడమ్మా” అన్నారు. బాబు కోలుకున్నాడు గాని, అప్పటి నుండి నాకు ప్రార్థనలో కూర్చోవాలంటేనే భయం. ఒకసారి ఒప్పుకున్న పాపాన్నే రాత్రిళ్లు మళ్లీ మళ్లీ ఒప్పుకుంటున్నాను. ప్రభువు బల్లలో (యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనలో) కూడా పాలుపొందడం మానేశాను. మా తమ్ముడేమో “దేవుడు ప్రేమ అక్కా, ఆయనకు భయపడనక్కరలేదు” అంటాడు. బైబిలు మాత్రం దేవునికి భయపడమనే చెబుతోంది. ఏ భయం మంచిది? ఏది కాదు? ఆగిపోయిన దశమభాగాన్ని అప్పు చేసైనా కట్టాలా?
– పేరు ప్రచురించవద్దని కోరిన సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సోదరీ, ముందుగా మీ అబ్బాయి జ్వరం సంగతి మాట్లాడుకుందాము, ఎందుకంటే మీ భయానికి వేరు అక్కడే ఉంది. డెంగ్యూ ఈడిస్ దోమ కాటు వల్ల వస్తుంది. కూలర్ అడుగున, పూలకుండీ కింది పళ్లెంలో, మూత లేని డ్రమ్ములో నిలిచిన నీటిలో ఆ దోమ పెరుగుతుంది. ఎక్కువగా పగటిపూట కుడుతుంది. దశమభాగం ఏ నెలా తప్పని ఇళ్లలోనూ, పాస్టర్ల ఇళ్లలోనూ పిల్లలు ఈ జ్వరంతో మంచం పడుతూనే ఉన్నారు. పుట్టు గుడ్డివాణ్ణి చూసిన శిష్యులు, పాపం చేసినది వీడా, వీణ్ణి కన్నవారా అని అడిగినప్పుడు యేసు ఇద్దరూ కాదన్నాడు (యోహాను 9:3). సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది యెరూషలేములోని మిగిలినవారందరికంటే ఎక్కువ అపరాధులని తలంచుచున్నారా అని తానే ప్రశ్న వేసి, కాదని తానే జవాబిచ్చాడు (లూకా 13:4, 5). ఆ జవాబు మారుమనస్సుకు పిలుపుతో ముగుస్తుంది, దానిని నేను దాచను. అయితే ఆ పిలుపు వింటున్న అందరికీ గాని, కష్టం వచ్చిన ఇంటికి మాత్రమే కాదు. తండ్రి కుమారుణ్ణి సరిదిద్దినట్లు దేవుడు తనవారిని సరిదిద్దుతాడని హెబ్రీ పత్రిక 12వ అధ్యాయం చెప్పే మాట నిజమే. కాని మన కోసం తన సొంత కుమారుణ్ణే ఇచ్చిన తండ్రి, సంపాదన ఆగిపోయిన ఇంట్లో పసివాడి ప్రాణం మీదికి తెచ్చి బాకీ రాబట్టుకునేవాడు కాడు. ఆ పెద్దావిడ మీ మేలు కోరే వచ్చి ఉండవచ్చు. ఆవిడ చెప్పిన మాట మాత్రం సువార్త కాదు.

ఆ మాట మీలో నాటినది ఒక తప్పుడు భయం. దాని స్వభావం తెలుసుకోవాలంటే మత్తయి 25వ అధ్యాయంలోని తలాంతుల ఉపమానం చదవండి. ఒక్క తలాంతు పుచ్చుకున్న దాసుడు యజమానుడితో, నీవు కఠినుడవని ఎరిగి, భయపడి, నీ తలాంతును భూమిలో దాచిపెట్టాను అంటాడు. ఒక్క తలాంతు అంటే ఆ రోజుల్లో ఒక కూలివాడు 20 ఏళ్లపాటు కష్టపడితే వచ్చేంత డబ్బు. అంత సొమ్మును నమ్మి చేతిలో పెట్టిన యజమానుణ్ణి వాడు కఠినుడన్నాడు. అందిన నమ్మకం వాడి కంటికి ఆనలేదు, లెక్క అడిగే రోజు ఒక్కటే కనిపించింది. చెడ్డ భయం ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది: ముందు దేవుణ్ణి గురించి ఒక అబద్ధం మనసులో స్థిరపడుతుంది, తరువాత ఆయన ఇచ్చినదాన్ని పాతిపెట్టడం, ఆయనకు కనబడకుండా తిరగడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏదెనులో ఆదాము భయపడి చెట్ల చాటుకు వెళ్లాడు. మీరు బల్లకు దూరమయ్యారు. అందుచేత ఏ భయాన్నైనా పరీక్షించడానికి నేను ముందుగా అడిగే ప్రశ్న, అది మిమ్మల్ని దేవుని దగ్గరకు నడిపిస్తోందా, ఆయన నుండి దాచిపెడుతోందా అన్నదే.

ఈ యాతన పడినవారిలో మీరు మొదటివారు కారు. 1505 జూలైలో జర్మనీలోని ష్టోటర్న్‌హైమ్ దగ్గర పిడుగుపాటుకు బెదిరిపోయిన మార్టిన్ లూథర్ (తరువాత ప్రొటెస్టెంటు సంస్కరణకు నాంది పలికినవాడు), బ్రతికి బయటపడితే సన్యాసినవుతానని మొక్కుకుని, ఆ నెలలోనే ఎర్ఫర్ట్ మఠంలో చేరాడు. భయంతో మొదలైన ఆ భక్తి చాలా కాలం భయంతోనే సాగింది. గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. ముగించిన తరువాత మరొకటి గుర్తుకు వచ్చి మళ్లీ వెళ్లేవాడు. పాపాల జాబితాను ఎంత పొడిగించినా ఆయనకు నెమ్మది దొరకలేదు. మఠంలో పెద్ద అయిన ష్టౌపిట్జ్ ఆయన చూపును క్రీస్తు గాయాల వైపు మళ్లించాడు. నీతి దేవుడు విశ్వాసికి ఉచితంగా ఇచ్చే వరమని రోమా పత్రికలో గ్రహించాకే ఆ భయం పట్టు సడలింది.

మీ తమ్ముడి మాటకు వద్దాము. “పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును” అనే వాక్యాన్ని (1 యోహాను 4:18) మనసులో పెట్టుకుని అతను అలా అని ఉంటాడు. మీ విషయంలో అతని మాట సగానికి పైగా నిజం, ఎందుకంటే ఆ వచనం వెళ్లగొట్టమనేది దండనతో కూడిన భయాన్నే, అంటే ఇప్పుడు మిమ్మల్ని నిద్రపోనివ్వని ఈ భయాన్నే. అయినా దేవుని భయం బొత్తిగా లేని విశ్వాసం నాకు ఆందోళన కలిగిస్తుంది. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు ఉన్నారు. హెబ్రీ స్త్రీలకు మగబిడ్డ పుడితే చంపమని ఫరో వారికి ఆజ్ఞ ఇచ్చాడు. ఆ కాలంలో ఫరో మాట కాదన్న దాసీకి ఏ దిక్కూ లేదు. వారు దేవునికి భయపడి, పిల్లలను బ్రతకనిచ్చారు. రాజు పిలిపించి నిలదీసినా లొంగలేదు. దేవుని భయం వారి గుండెలో ఉన్నందున అంత గొప్ప ఫరో భయానికి అక్కడ చోటు దొరకలేదు. లంచం పుచ్చుకోవడానికి చేయి రాని ఉద్యోగిలో, ఎవరూ చూడని చోట కూడా తూకం సరిగ్గా వేసే వ్యాపారిలో నేను చూసేది ఆ భయాన్నే. మీ తమ్ముడు దానిని వదులుకోకూడదు.

ఆ మంచి భయం క్షమాపణతో పోయేది కాదు, క్షమాపణలో పుట్టేది. “అయినను జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకును” అని 130వ కీర్తన చెబుతోంది. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను ఈ తేడాను ఇద్దరు భార్యల ఉదాహరణతో బోధించాడు: వ్యభిచారిణి అయిన భార్యకు భర్త ఎక్కడ తిరిగి వస్తాడోనని భయం, పతివ్రతకు భర్త ఎక్కడ తనను విడిచి వెళ్తాడోనని భయం. ఇద్దరిదీ భయమే. కాని ఒకరు భర్త రాకను వద్దనుకుంటారు, ఒకరు ఆయన తోడునే కోరుకుంటారు. మీ ఉత్తరమంతా చదివితే నాకు కనిపించింది, ఈ రెండవ భయం మీలో ఉండనే ఉంది, మొదటిది వచ్చి దాని మీద కూర్చుంది అని.

ప్రభువు బల్ల విషయంలో మీరు 1 కొరింథీయులకు 11వ అధ్యాయానికి భయపడి ఉంటారు. అక్కడ పౌలు గద్దించినది, పేదవారు ఆకలితో ఉండగా తాము ముందే తిని తాగి మత్తులో ఉన్నవారిని. అదే అధ్యాయం 28వ వచనంలో ఆయన, మనిషి తన్ను తాను పరీక్షించుకొని, ఆలాగు చేసి ఆ రొట్టెను తినవలెనని రాశాడు గాని, పరీక్షించుకొని లేచి వెళ్లిపొమ్మని రాయలేదు. వచ్చే ఆదివారం వెళ్లి పాలుపొందండి.

రాత్రిపూట ఒకే పాపాన్ని తిరిగి తిరిగి ఒప్పుకోవడం గురించి మాత్రం కొంచెం గట్టిగా చెబుతున్నాను. ఒక్కసారి ఒప్పుకోండి, ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడని చెప్పే 1 యోహాను 1:9 చదవండి, లేచి వెళ్లి పడుకోండి. భయం మళ్లీ లేపినా ఒప్పుకోలును తిరిగి మొదలుపెట్టకండి. కొన్ని వారాలైనా ఆపుకోలేకపోతే, నిద్రా తిండీ దెబ్బతింటే మానసిక వైద్యుణ్ణి కలవండి. ఇలా ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా తరమడం ఒక జబ్బు లక్షణంగా కూడా ఉంటుంది. దానికి మందులూ, మాటలతో చేసే చికిత్సా ఉన్నాయి. మీ అబ్బాయిని ఆసుపత్రికి తీసుకువెళ్లడం అవిశ్వాసం కానట్లే ఇదీ కాదు.

ఇక దశమభాగం. అప్పు చేసి కట్టకండి. సిద్ధమైన మనస్సు ఉంటే కలిమి కొలదే దేవునికి ప్రీతికరమని 2 కొరింథీయులకు 8:12 చెబుతోంది. లేనిదానికి ఆయన లెక్క అడగడు. ఆ మూడు నెలలను బాకీగా ఎక్కడా రాసిపెట్టుకోకండి. మీ వారికి మళ్లీ పని దొరికి మొదటి జీతం వచ్చాక, ముందు ఆసుపత్రి అప్పు ఏమైనా మిగిలి ఉంటే తీర్చే ఏర్పాటు చూసుకుని, ఎంత ఇవ్వాలో ఇద్దరూ కలిసి ప్రార్థించి, సంతోషంగా నిర్ణయించుకోండి.