పీజీ క్లాసులో పిల్లలు నోరు విప్పడం లేదు, ఇంటర్నల్స్ ఎలా పెట్టాలి?

మీరు విజయనగరంలో ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రీవియస్‌కి గెస్ట్ ఫ్యాకల్టీగా కొత్తగా చేరానన్నారు. సగం మంది క్లాసుకి రారు, వచ్చినవాళ్ళు మాట్లాడరు, అసైన్‌మెంట్లన్నీ ఒకే అచ్చులో వస్తున్నాయి, మార్కులు ఎలా వేయాలి, వాళ్ళని పాఠంలోకి ఎలా లాగాలి అని మీ ప్రశ్న. శ్రీకాకుళంలో ఇదే సబ్జెక్టు చాలాకాలంగా చెబుతున్నాను, నాకు పనికొచ్చింది రాస్తాను.

ముందు రానివాళ్ళ సంగతి. పీజీలో చేరేవాళ్ళు డిగ్రీ పిల్లల్లాంటివాళ్ళు కాదు మాస్టారూ. ఒకడు పైడిభీమవరం ఫార్మా కంపెనీలో నైట్ షిఫ్టు చేసి అటునుంచి అటే క్లాసుకి వస్తాడు. ఒకమ్మాయికి ఇంట్లో చంటిబిడ్డ. చాలామంది ధ్యాస డీఎస్సీ మీదో గ్రూప్-2 మీదో ఉంటుంది, పీజీ ఓ పక్కన నడుస్తుంటుంది. పలాస వైపు నుంచి వచ్చేవాళ్ళకి రైలు లేటయితే మొదటి పీరియడ్ పోయినట్టే. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకి పంపమని బెదిరిస్తే వస్తారు, వెనక బెంచీలో కూర్చుని కరెంట్ అఫైర్స్ చదువుకుంటారు. అందుకే మొదటి వారంలోనే ఎవరిది ఏ ఊరు, ఏ పని చేస్తున్నారు, ఏ పరీక్షకి చదువుతున్నారు అన్నది ఒక కాగితం మీద రాయించుకోండి.

ఎండ్ సెమ్ పేపర్ మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఇంటర్నల్ 25 మార్కులు, మీ దగ్గర 30 కావచ్చు. వాటిని ఏం చేస్తున్నాం? ఒక రాతపరీక్ష పెట్టి, ఒక అసైన్‌మెంట్ తీసుకుని, పాపం నష్టపోతారేమోనని అందరికీ 22, 23 వేసేస్తున్నాం. ఏం రాసినా 22 గ్యారంటీ అని సీనియర్లు చెప్పేశాక ఇక ఎవడు చదువుతాడు? పిల్లలు బద్ధకస్తులని స్టాఫ్ రూమ్‌లో అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మార్కులకి విలువ లేకుండా చేసింది మనమే. ఆ 25 ని ఐదేసి మార్కుల పనులుగా విడగొట్టి సెమిస్టరంతా పరచండి. ఒకటి దిద్ది, ఎక్కడ బాగుందో ఎక్కడ తేలిపోయిందో చెప్పాకే రెండోది ఇవ్వండి.

ఏ పని ఇస్తామన్నదే అన్నిటికన్నా ముఖ్యం. హారిస్–టొడారో నమూనా తీసుకోండి, 1970 నాటిది. పల్లెలో వచ్చే కూలీని పట్నంలో ఆశించే ఆదాయంతో పోల్చుకుని మనిషి వలస వెళతాడంటుంది. ఆశించే ఆదాయం అంటే అక్కడి జీతాన్ని పని దొరికే అవకాశంతో గుణిస్తే వచ్చేది. దీన్ని 'వివరించండి' అని ఇస్తే క్లాసు మొత్తం ఒకే గైడు దించి ఇస్తుంది, ఇప్పుడైతే చాట్‌జీపీటీ నుంచి. నేను ఇలా ఇచ్చాను: మీ ఇంట్లోనో వీధిలోనో వలస వెళ్ళిన ఒక మనిషితో మాట్లాడండి. ఎవరు తీసుకెళ్ళారు, వెళ్ళేముందే పని ఖాయమైందా, ఎంత వస్తుందనుకున్నారు, చివరికి ఎంత మిగిలింది? రెండు పేజీలు రాసి, ఆ మనిషికి ఈ నమూనా సరిపోతుందో లేదో చెప్పండి.

ఇటువైపు అలాంటి మనుషుల కోసం వెతకాలా? ఎచ్చెర్ల, భోగాపురం, పూసపాటిరేగ తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకి వెళ్ళేవాళ్ళు ఎందరో. 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడి 2020 జనవరిలో విడుదలైంది మన తీరం వాళ్ళే కదా. అలాంటి ఊరి అబ్బాయి, పేరు పిలిస్తే తప్ప పలకనివాడు, లేచి అడిగాడు: "మా బావ పని ఎతుక్కుంటూ ఎల్లలేదు సార్. తండేలుకి, అంటే బోటు నడిపే పెద్దకి, ముందే మాటిచ్చి, అడ్వాన్సు తీసుకుని ఎల్లినాడు. ఇంక పని దొరికే అవకాశం అంటే ఏటి? నూటికి నూరే కదా!" అప్పుడు ఆ నమూనాలో ఇంకేం మిగులుతుంది, అడ్వాన్సుగా తీసుకున్న అప్పుని ఎక్కడ లెక్కవేయాలి అని పీరియడ్ అంతా వాదన. మా నాన్న హైదరాబాద్‌లో రోజూ అడ్డా మీద నిలబడి పని కోసం చూసేవాడు, ఆయనకి మాత్రం టొడారో చెప్పింది సరిగ్గా సరిపోతుంది అని ఉద్దానం అమ్మాయి అడ్డుపడింది. నేను బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడ్డానంతే. నైట్ షిఫ్టు చేసే అబ్బాయి తన కంపెనీలో కాంట్రాక్టు లేబర్ గురించి రాశాడు.

ఒక జాగ్రత్త. మనుషుల పేర్లు రాయొద్దని ముందే చెప్పండి. ఇంటి అప్పుల సంగతి బయటపడితే ఊళ్ళో గొడవలవుతాయి.

ఐదు మార్కులు ఇలా వేశాను: నమూనాని తప్పు లేకుండా చెప్పినందుకు రెండు, సరిపోయిందో లేదో వాదించినందుకు రెండు, మనిషి దగ్గర సేకరించిన వివరాలకి ఒకటి. స్పైరల్ బైండింగ్‌కి, రంగు పెన్నులకి సున్నా. ఈ లెక్క పని ఇచ్చినరోజే బోర్డు మీద రాయాలి. కాగితం తీసుకున్నాక ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కాసేపు ప్రశ్నలు అడగండి. కాపీ కొట్టినవాడు రెండో ప్రశ్నకే దొరికిపోతాడు, విడిగా పట్టుకోనక్కర్లేదు. రాత ఇంగ్లీషులో ఉన్నా ఈ మాటలు తెలుగులోనే సాగనివ్వండి. ఇంగ్లీషులో అడిగితే తెలిసిన పిల్లలు కూడా టెన్షన్‌తో బిగుసుకుపోతారు.

మార్కులు తగ్గేసరికి గోల మొదలవుతుంది, తట్టుకోవాలి. మా పాత స్టూడెంట్ ఒకమ్మాయి యూకేలో ఎమ్మెస్సీ చేస్తూ మొదటి పేపర్‌కి 58 వచ్చిందని ఏడుస్తూ ఫోన్ చేసింది. అక్కడ 50 వస్తే పాస్, 70 వస్తేనే డిస్టింక్షన్, 58 అంటే మంచి మార్కే. ఇక్కడి 22, 23 లకి అలవాటుపడిన ప్రాణం మరి.

గంటల లెక్కన జీతం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీకి ఈ దిద్దుడంతా ఉచిత సేవే, అది దాచను. అందుకని మొదటి సెమిస్టర్‌లో ఒక్క పేపర్‌కే మొదలుపెట్టండి. క్లాసు పెద్దదైతే రాతపని జంటలకి ఇచ్చి, ప్రశ్నలు మాత్రం విడివిడిగా అడగండి. మార్కులు ఎలా విడగొట్టారో రాసి, హెచ్‌ఓడీ సంతకం తీసుకుని నోటీసు బోర్డులో పెట్టండి. దిద్దిన కాగితాలు రిజల్ట్స్ వచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరో ఒకరు వచ్చి తప్పకుండా అడుగుతారు.