ఇంప్లాంట్ ఊడింది, పెదవి మొద్దుబారింది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది పరకాల. 14 నెలల కింద హనుమకొండలో ఒక డెంటల్ క్లినిక్‌లో కింది దవడకు కుడిపక్క రెండు ఇంప్లాంట్లు పెట్టించుకున్న. 70 వేలు తీసుకున్నరు. 50 వేలు ఫోన్‌పే చేసిన, మిగతాది నగదు. బిల్లు ఇయ్యలేదు. ఆరు నెలలకు ఒకటి ఊడింది. పెట్టిన రోజు నుంచే కింది పెదవి కుడివైపు తిమ్మిరి. అడిగితే ‘నీకు షుగర్ ఉంది, కాగితం మీద సంతకం పెట్టినవు’ అంటున్నరు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ఊడిన ఇంప్లాంట్‌ను ముందు పెట్టుకుని వెళ్తే ఓడిపోతారు. ఇంప్లాంట్ అంటే పన్ను వేరు స్థానంలో దవడలో బిగించే టైటానియం స్క్రూ. అది ఎముకలో అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. డాక్టర్ ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని అతుక్కోవు. వైద్యం ఫలించనంత మాత్రాన నిర్లక్ష్యం కాదని జేకబ్ మాథ్యూ కేసులో (2005) సుప్రీంకోర్టు తేల్చింది. ఇక షుగర్ సంగతి: పెట్టే ముందు హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) చేయించారా? చేయించకపోతే ఆ సాకు వారికే ఎదురుతిరుగుతుంది.

మీ అసలు బలం పెదవి. కింది దవడ ఎముక లోపలి నుంచే పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం వెళ్తుంది. స్క్రూ కొనకు, ఆ నరానికి మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం వదలడం మామూలు జాగ్రత్త. దాన్ని కచ్చితంగా కొలిచేది సీబీసీటీ స్కాన్, అంటే దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే. అది ముందు తీయలేదా? తిమ్మిరి చెప్పాక కూడా తీయలేదా? కేసు ఈ రెండు ప్రశ్నల మీదే తిరుగుతుంది.

సంతకానికి భయపడకండి. సమ్మతి పత్రం నిర్లక్ష్యానికి మాఫీ పత్రం కాదు. అందులో నరం దెబ్బతినే ప్రమాదం రాసి ఉందో లేదో మాత్రం చూడండి.

ఇప్పుడు చేయాల్సింది: కేస్ షీట్, ముందూ వెనకా తీసిన ఎక్స్‌రేలు, సమ్మతి పత్రం నకలు, ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్ (కంపెనీ, పొడవు, మందం, లాట్ నంబర్ అందులో ఉంటాయి) ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో అడగండి. ఊడిన స్క్రూ మీ దగ్గరుంటే తిరిగి ఇవ్వొద్దు. మిగిలినదాన్ని ఎవరితోనైనా తీయించే ముందు సీబీసీటీ తీయించి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. ప్రతి కేసుకూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని కిషన్‌రావు కేసులో (2010) సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయినా నరం కేసులో అది లేకుండా వెళ్లమని నేను చెప్పను.

ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో. ఫీజు లెక్క మీరు కోరే పరిహారాన్ని బట్టి కాదు, కట్టిన 70 వేలను బట్టి. 5 లక్షల లోపు ఫీజే లేదు. బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి, దాన్నీ విడిగా రాయండి. నగదుకు రుజువు లేకున్నా ఫోన్‌పే జమ, వాట్సాప్ సందేశాలు చాలావరకు పనికొస్తాయి. డెంటల్ కౌన్సిల్‌కూ రాయొచ్చు, కానీ అక్కడ క్రమశిక్షణ చర్యే తప్ప డబ్బు రాదు.

గడువు రెండేళ్లు. ఇంప్లాంట్ ఊడిన రోజు నుంచి కాకుండా పెట్టిన రోజు నుంచే లెక్కేసుకోండి. అంటే మీకున్నది 10 నెలలు.