మేకర్‌స్పేస్ నడిపేది పిల్లలైతే...
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

బడి లైబ్రరీలో విద్యార్థులే నడిపే మేకర్‌స్పేస్ (పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేసి నేర్చుకునే చోటు) గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకే రకం ప్రశ్నల్ని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా లైబ్రరీలో ఒక మూల ఖాళీగా ఉంది. యాజమాన్యం 3డీ ప్రింటర్ కొనిస్తామంటోంది. దానితోనే మొదలుపెట్టవచ్చా? (ఒక లైబ్రేరియన్)

ఇప్పుడే వద్దండీ. అగ్గిపెట్టెంత వస్తువును తయారుచేయడానికే ఆ యంత్రం గంట దాకా తీసుకోవచ్చు. పన్నెండు మంది పిల్లలొస్తే ఒకరి పని నడుస్తుంది, పదకొండు మంది చూస్తూ నిలబడతారు. ఇద్దరు ముగ్గురికి దాని కిటుకు అబ్బుతుంది. వాళ్లు పై తరగతికో వేరే బడికో వెళ్లిపోయాక యంత్రం మీద గుడ్డ కప్పి ఉంచడమే మిగులుతుంది.

అట్ట, జిగురు, చిన్న ఎల్‌ఈడీ దీపాలతో మొదలుపెట్టండి. ఒక విడతకు 12 మంది అనుకుంటే ఇవి చాలు: మొన మొద్దుగా ఉన్న కత్తెరలు 8, స్టీలు స్కేళ్లు 4, కటింగ్ మ్యాట్లు 4, కట్టర్లు 2, తక్కువ వేడి గ్లూగన్లు (జిగురు కడ్డీని కరిగించి అంటించే పనిముట్లు) 3, వాటి కడ్డీలు 60. కరెంటు పనికి 5 మి.మీ. ఎల్‌ఈడీలు 100 (ఎక్కువగా ఎరుపువి), సీఆర్ 2032 బిళ్ల సెల్స్ 30, 5 మి.మీ. వెడల్పు కాపర్ టేపు (వైరుకు బదులు కాగితం మీద అంటించే రాగి పట్టీ) రెండు చుట్టలు, 470 ఓంల రెసిస్టర్లు (కరెంటును అడ్డుకుని తగ్గించే చిన్న భాగాలు) 50, బొమ్మ మోటార్లు 10, రెండేసి ఏఏ సెల్స్ పట్టే హోల్డర్లు 10, క్లిప్పులున్న వైర్లు 30, మల్టీమీటర్ (కరెంటు దారి తెగిందేమో చూసే కొలత పరికరం) 1. సీసా మూతలు, గుడ్డ ముక్కలు, పాత చార్టుల్లాంటివి పిల్లలే తెస్తారు.

అట్టపెట్టెలు మాత్రం ఎవరు ఎన్ని తెస్తే అన్ని తీసుకోకండి. తినే సరుకులు వచ్చిన పెట్టెల్లో బొద్దింకలు, సిల్వర్‌ఫిష్ పురుగులు దాగి ఉంటాయి. అవి పుస్తకాల అరలకు చేరితే వదిలించడం కష్టం. శుభ్రంగా, పొడిగా ఉన్నవే, అవీ ఒక అరకు సరిపడా ఉంచుకోండి.

అట్టను మడవడం రాక చాలామంది మొదటి రోజే విసుగుపడతారు. అట్ట లోపల అలల్లాంటి గీతలుంటాయి. వాటి వెంట మడిస్తే నిటారుగా మడత పడుతుంది, అడ్డంగా మడిస్తే నలిగి వంకర పోతుంది. అడ్డంగా మడవక తప్పకపోతే ముందు స్కేలు పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత లాగాలి. బరువు మోసే గోడలకు ఆ అలలు నిలువుగా ఉండేలా అట్టను కోయాలి. ఇవి రెండూ తెలిస్తే జిగురు ఖర్చూ తగ్గుతుంది.

గ్లూగన్లలో తక్కువ వేడివి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఎక్కువ వేడివి 190 దగ్గర పని చేస్తాయి. పిల్లలకు మొదటివే ఇవ్వండి, అవి కూడా కాలుస్తాయని ముందే చెప్పండి. గ్లూగన్ల బల్లను గోడకు ఆనించి పెడితే వైరు ఎవరి కాళ్లకూ తగలదు. చర్మం మీద వేడి జిగురు పడితే లాగకూడదు, దానితో పాటు చర్మమూ ఊడుతుంది. అలాగే చల్లటి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. కాలిన చోట బొబ్బ లేచినా, జిగురు ఊడకపోయినా వైద్యుడికి చూపించాలి.

ప్రశ్న: "విద్యార్థులే నడుపుతారు" అంటే టీచర్లు పక్కకు తప్పుకోవాలా? పేరుకు మాత్రమే వాళ్లను పెట్టినట్టు అవుతుందేమోనన్న అనుమానమూ ఉంది. (ఒక ప్రధానోపాధ్యాయుడు)

మీ అనుమానం సరైనదే. చాలా చోట్ల విద్యార్థి బృందానికి బ్యాడ్జీలు ఇస్తారు గానీ నిర్ణయాలు ఇవ్వరు. వాళ్లు కుర్చీలు సర్దే పనికి మిగులుతారు. మూడు విషయాలు నిజంగా వాళ్ల చేతిలో ఉండాలి: బడ్జెట్‌లో కొంత భాగంతో ఏం కొనాలి, ఏ రోజుల్లో తెరవాలి, ఎవరికి ఏ పనిముట్టు నేర్పాలి. వాళ్లు తప్పు కొనుగోలు చేసినా ఆపకండి. పెళుసు టేపు కొన్న బృందం, తరువాతిసారి ఒక చుట్ట తెప్పించి పరీక్షించాకే మిగతావి అడుగుతుంది. పెద్దల చేతిలో ఉండాల్సినవి వేరు: కట్టర్లు, బిళ్ల సెల్స్ ఉన్న అర తాళం, వేడి పనిముట్లు వాడే వేళ గదిలో ఉండడం, ప్రమాదం కనిపిస్తే "ఆపండి" అనే అధికారం.

బృందంలో 8 మంది సరిపోతారు. పై తరగతి నుంచి 3, మధ్య తరగతి నుంచి 3, చిన్న తరగతి నుంచి 2. మార్కుల్ని బట్టి ఎంచుకోవద్దు. "నువ్వు విప్పిన వస్తువేది? మళ్లీ బిగించగలిగావా?" అని ఒకే ప్రశ్న రాసిచ్చి జవాబు రాయమనండి. బిగించలేకపోయినవాళ్లనూ తీసుకోండి, ఏం జరిగిందో వివరంగా రాసి ఉంటే చాలు. టర్ముకోసారి సగం మంది మారాలి, అందరూ ఒకేసారి మారితే చేతి పని మొత్తం వాళ్లతోనే పోతుంది. వారానికి 20 నిమిషాల సమావేశం, ఒక నోటు పుస్తకంలో నిర్ణయాలు. అంతకుమించి కమిటీలు అక్కర్లేదు.

పనిముట్లకు అనుమతి కార్డు పెట్టండి. ఒక్కో పనిముట్టుకు ఒక్కో గడి. బృందంలో తెలిసినవాళ్లు ఒకసారి చేసి చూపిస్తారు, నేర్చుకునేవాళ్లు రెండుసార్లు చేస్తుంటే పక్కన ఉండి చూస్తారు, ఆపై సంతకం పెడతారు. కట్టరు గడిలో మాత్రం టీచరు సంతకం ఉండాలి.

ఇక్కడ చెడేవి రెండున్నాయి. మొదటిది, సాయం చేసేవాళ్లు "ఇలా ఇవ్వు" అని వస్తువు లాక్కుని తామే పూర్తి చేస్తారు. పక్కవాళ్లకు ఏమీ రాదు. సాయానికి వచ్చినవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పాలన్న నియమం పెట్టండి, మొదట నవ్వుతారు, తరువాత అలవాటవుతుంది. రెండోది, బృందం తమ స్నేహితుల క్లబ్బుగా మారిపోవడం. హాజరు పుస్తకంలో ఈ నెల కొత్తగా కనిపించిన పేర్లెన్నో లెక్కపెట్టండి. వరుసగా రెండు నెలలు కొత్త పేర్లు లేకపోతే, కొత్తవాళ్లకే ఒక రోజు కేటాయించమని బృందాన్ని అడగండి.

ప్రశ్న: కాగితం మీద కాపర్ టేపు అంటించి, బిళ్ల సెల్‌తో ఎర్ర ఎల్‌ఈడీ వెలిగించాం. దాని పక్కనే నీలం ఎల్‌ఈడీ కలిపితే అది వెలగడం లేదు. 9 వోల్టుల బ్యాటరీ పెడితే ఎర్రది ఒక్క క్షణం మెరిసి పోయింది. ఎందుకు? (9వ తరగతి విద్యార్థిని)

నీలం దీపం పాడు కాలేదమ్మా. ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి 2 వోల్టుల దగ్గర చాలు, నీలానికీ తెలుపుకూ 3 వోల్టుల దగ్గర కావాలి. రెంటినీ ఒకే సెల్‌కు పక్కపక్కన కలిపినప్పుడు ఎర్రది ముందే వెలిగి కరెంటంతా తనే లాగుతుంది. బిళ్ల సెల్‌కు అంత బలం లేదు కాబట్టి వోల్టేజీ 2 దగ్గరికి పడిపోతుంది. నీలానికి అది చాలదు. ఒక సెల్‌కు ఒకే రంగు దీపాలు పెట్టు, లేదా నీలానికి వేరే సెల్ ఇవ్వు. ఎర్రదాని దారిలో 220 ఓంల రెసిస్టర్ పెడితే నీలమూ మసకగా వెలుగుతుంది.

9 వోల్టుల సంగతి ఇది. 9లోంచి ఎర్రదీపం వాడే 2 తీస్తే 7 మిగులుతుంది. దాన్ని అడ్డుకోవడానికి ఏమీ లేక కరెంటు పొంగి దీపం మాడింది. 470 ఓంల రెసిస్టర్ పెడితే 7ని 470తో భాగించగా 0.015 ఆంపియర్లు, అంటే 15 మిల్లీఆంపియర్లు. 5 మి.మీ. ఎల్‌ఈడీకి మామూలుగా హద్దు 20. మరి బిళ్ల సెల్‌కు రెసిస్టర్ ఎందుకు పెట్టలేదంటావా? ఆ సెల్ లోపలే అడ్డు ఎక్కువ, గట్టిగా నెట్టలేదు. రెండు ఏఏ సెల్స్ కలిపినా 3 వోల్టులే గానీ అవి బలంగా నెట్టగలవు, ఎర్రదానికి వాటితో రెసిస్టర్ పెట్టడమే మంచిది.

టేపు దగ్గర జరిగే తప్పులు కూడా చూసుకో. మూల తిరిగే చోట టేపును కత్తిరించి ఇంకో ముక్క మీద అంటిస్తే చాలాసార్లు దారి తెగుతుంది, ఎందుకంటే కొన్ని టేపుల జిగురు కరెంటును పోనివ్వదు. ముక్క చేయకుండా మడిచి తిప్పాలి. ఎల్‌ఈడీ కాళ్లను టేపు మీద పరిచి, పైన ఇంకో ముక్క టేపును అంటించి గోటితో గట్టిగా రుద్దాలి. పొడుగు కాలు సెల్ ప్లస్ వైపుకు. వెలగకపోతే ముందు ఎల్‌ఈడీని నేరుగా సెల్ మీద పెట్టి చూడు, తరువాత మల్టీమీటర్‌ను బీప్ గుర్తు మీద పెట్టి టేపు ఒక చివర నుంచి ఇంకో చివరకు తాకించు, బీప్ రాకపోతే దారి తెగినట్టే. సెల్ వేడెక్కుతుంటే ప్లస్, మైనస్ టేపులు ఎక్కడో తగులుతున్నట్టే, వెంటనే తీసేయి.

ప్రశ్న: మూడు నెలలకే సగం సామాను కనబడటం లేదు, సగం చేసిన వస్తువులు మూలన గుట్ట పడ్డాయి. ఏం చేయాలి? (లైబ్రరీ చూసే ఉపాధ్యాయురాలు)

పుస్తకాలకు మీరు ఎప్పటి నుంచో చేస్తున్నదే సామానుకూ చేయండి. ప్రతి పెట్టెకు ఒక నంబరు ఇచ్చి రిజిస్టర్లో ఎక్కించండి. మూత లోపల ఆ పెట్టెలో ఉండాల్సిన వస్తువుల ఫొటో, పక్కన లెక్క: "కత్తెరలు 4, స్కేళ్లు 2". తీసుకున్నవాళ్లే లెక్క చూసి సంతకం పెడతారు, తిరిగి ఇచ్చేటప్పుడు బృందం సభ్యుడు లెక్క చూస్తాడు. పెద్ద పనిముట్లను బోర్డుకు తగిలించి, వెనుక వాటి ఆకారం గీయిస్తే, లేనిది దూరం నుంచే తెలుస్తుంది. బృందంలో ఎవరో ఒకరు ఆ గీత గీయడానికి ముచ్చటపడతారు కూడా.

అయితే అన్నిటినీ లెక్కపెట్టబోకండి. కాగితం, అట్ట, గ్లూ కడ్డీల లెక్క పెడితే ఉత్సాహం చస్తుంది. తప్పనిసరిగా ఒక్కొక్కటీ లెక్కపెట్టాల్సినవి రెండు: బ్లేడ్లు, బిళ్ల సెల్స్. బిళ్ల సెల్ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపలి కణజాలాన్ని కాల్చేయగలదు. అందువల్ల ఉదయం 30 ఇస్తే సాయంత్రం 30 రావాలి, అయిపోయినవి కూడా. ఒకటి తగ్గినా ఎవరూ ఇంటికి వెళ్లకముందే వెతకాలి. ఎవరైనా మింగారన్న అనుమానమున్నా లక్షణాల కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాడినవాటిని అలాగే ఒకే డబ్బాలో కలిపి వేయవద్దు, ఒకదానికొకటి తగిలి వేడెక్కుతాయి. రెండు వైపులా సెల్లోటేపు (కాపర్ టేపు కాదు) చుట్టాలి.

గుట్ట పడ్డవాటికి 16 ట్రేలున్న ఒక అర చాలు. ట్రే మీద చీటీ: పేరు, తేదీ, "తరువాత చేయాల్సింది". ఆ మూడోది రాయకపోతే వచ్చే వారం తనే ఎక్కడ ఆపాడో మర్చిపోతాడు. 14 రోజులు ఎవరూ ముట్టకపోతే మోటార్లు, ఎల్‌ఈడీలు తిరిగి పెట్టెలోకి, అట్ట చెత్తలోకి. 40 నిమిషాల పీరియడైతే చివరి 10 నిమిషాలు సర్దడానికే.

పుస్తకాలూ అక్కడికే తేండి. డ్యూయీ వర్గీకరణలో (లైబ్రరీలో విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే పద్ధతి) కాగితపు పని 745.54, కుట్టు 646.2, ఎలక్ట్రానిక్స్ 621.381, రోబోలు 629.892. ఈ నాలుగు అరల నుంచి పదేసి పుస్తకాలు ఆ మూలన ఉంటే, మోటారు తిరగనివాడు పక్కనే జవాబు వెతుక్కుంటాడు. అయితే గ్లూగన్లు, రంగుల బల్లకు రెండు మీటర్లయినా దూరంగా.

ప్రశ్న: చదువుకునేవాళ్లకు గోల కదా?

అవును, గోలే. గదిని పంచేకంటే సమయాన్ని పంచండి: సుత్తి, మోటార్లు వారంలో రెండు రోజులు, మిగతా రోజులు కుట్టు, కాగితం. సామానంతా చక్రాల బండి మీద ఉంటే మూల మార్చడం తేలిక. బండి చక్రాలకు బ్రేకు ఉండేలా చూడండి.

ప్రశ్న: మైక్రోబిట్ లాంటి బోర్డులు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న కంప్యూటర్లు) ఎప్పుడు కొనాలి? (8వ తరగతి విద్యార్థి)

మీ బృందంలో నలుగురైనా ఎల్‌ఈడీ సర్క్యూట్‌లో తప్పు ఎక్కడుందో మల్టీమీటర్‌తో పట్టగలిగినప్పుడు. ఇద్దరికి ఒకటి చాలు, ముగ్గురైతే ఒకరు ఖాళీగా కూర్చుంటారు. మౌస్ పట్టేవాళ్లు ప్రతి 10 నిమిషాలకూ మారాలి. బోర్డు పిన్నుకు మోటారు నేరుగా కలపకండి, అంత కరెంటు అది ఇవ్వలేదు, మధ్యలో మోటారుకు సరిపడా కరెంటు అందించే మోటార్ డ్రైవర్ బోర్డు కావాలి. కంప్యూటర్ బోర్డును గుర్తించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే యూఎస్‌బీ కేబుళ్లు కొన్ని ఉంటాయి, వాటితో బోర్డు లైటు వెలుగుతుంది గానీ ప్రోగ్రాం ఎక్కదు. అలాంటిది దొరికితే ఎర్ర టేపు చుట్టి వేరే పెట్టెలో వేయండి.